ముక్కముక్కకీ అదే ముక్కు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఏకాభిప్రాయం. ఈ కథలో మాత్రం ముక్కు నాది కాదు, మా వదినది. కోపం ఒక్కటే నాది.

"మేడమ్, ఆ ముక్కు మార్చాలండీ" అని లెక్చరర్ గారు ఫోనులో అన్నప్పుడు, ఆ ముక్కు సరిగ్గా నా ఎదురుగానే ఉంది. వదిన స్టూలు మీద నిటారుగా కూర్చుని, భుజాల మీద పాత దుప్పటి కప్పుకుని, ఎడమచేత్తో కుక్కరు మూతని డాలులా పట్టుకుని, ఎదుటి మేడ మీది నీళ్ళ ట్యాంకును శత్రుసైన్యాన్ని చూసినట్టు చూస్తోంది. నేను "ఊఁ, ఊఁ, రేపొచ్చి మాట్లాడతానండీ" అని ఫోన్ పెట్టేశాను.

"ఏమంటాడు?" అంది వదిన, మెడ కదపకుండా.

"బాగున్నాయంటున్నారు వదినా."

"బాగుండక ఏం చేస్తాయి" అని డాలు ఇంకొంచెం పైకెత్తింది.

నాకు మింగలేని కక్కలేని పరిస్థితి వచ్చిపడింది. ముక్కు మార్చకపోతే పని పోతుంది, దానితోపాటు జీవితంలో మొదటిసారి ఒక అట్టపెట్టె మీద పడబోతున్న నా పేరూ పోతుంది. మార్చాలంటే ముందు ఆ సంగతి వదినకి చెప్పాలి. ఆవిడకి చెప్పడం కంటే పేరు పోవడమే నయమని ఆ నిమిషంలో అనిపించింది.

ఎందుకో చెబుతాను. వదిన అంటే మా ఆయనకి అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరయి, మా దగ్గరికి వచ్చి ఉంటోంది. ఊళ్ళో సగం మందికి ఆవిడ గొంతు తెలుసు, మొహం తెలియదు. పెళ్ళి చేసుకోలేదని ఆవిడ అంటుంది. పెళ్ళి కాలేదని మిగతావాళ్ళు అంటారు. దానికి కారణం ముక్కేనని మా అత్తగారు పోయేదాకా చెబుతూనే ఉండేది. "ముందు దాని ముక్కు గుమ్మం దాటుతుంది, ఆ తరవాత అది దాటుతుంది" అనేది వచ్చిన చుట్టాలతో, వదిన పక్క గదిలో ఉండగానే. వచ్చిన సంబంధాలన్నీ ఆ ముక్కు దగ్గరే ఆగిపోయాయట. పెళ్ళికి ముందు మా ఆయన తన ఇంటి గురించి నాకు చెప్పిన మొదటి విశేషం కూడా అదే. అంటే మనిషిని చూడకముందే ముక్కుతో నాకు పరిచయం అయిందన్నమాట.

అలాంటి ముక్కును తీసుకెళ్ళి రాజుల మొహాల మీద పెట్టింది నేను. ఇప్పుడు మళ్ళీ నేనే వెళ్ళి, "మీ ముక్కు పనికిరాదంటున్నారు వదినా" అని చెప్పాలి. ఇంకో సంబంధం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినట్టే కదా.

ఇదంతా ఒక్క మాట వల్ల వచ్చింది.

నేను బొమ్మలు గీసి బతుకుతాను. గొప్పవేమీ కావు. పాఠ్యపుస్తకాల్లో కప్ప పొట్ట కోసి లోపల ఏమున్నాయో బాణం గుర్తులతో చూపించే బొమ్మ నాదే. మందుల షాపు గోడ మీద దగ్గుతున్న తాతా నావాడే. చెప్పుల కొట్టు బోర్డు మీద నవ్వుతున్న బూటుకి పళ్ళు పెట్టింది కూడా నేనే. ఎవరు ఎలా అడిగితే అలా గీస్తాను, ఎవరి చెయ్యి కావాలంటే ఆ చెయ్యి తగిలించుకుంటాను. చెయ్యి తిరిగిన మనిషినని నాకు పేరు. తిరిగి తిరిగి అసలు నా చెయ్యి ఎటు పోయిందో నాకే తెలియదు.

లెక్చరర్ గారు కాలేజీలో చరిత్ర చెబుతారు. ఎన్నడో సముద్రంలో కలిసిపోయిన ఒక రేవు రాజ్యం మీద ఆయన పేకాట లాంటి ఒక ఆట తయారుచేశారు. అందులో రాజు, రాణి, సేనాపతి, ఉప్పు వర్తకుడు, పడవమనిషి, గూఢచారి, పన్నులు వసూలు చేసేవాడు, తిరుగుబాటుదారు, ఇలా ముక్కకొక మనిషి. ఆయన చాలా మర్యాదస్తుడు. కానీ బొమ్మలో బొత్తాం కనిపిస్తే మాత్రం ఊరుకోరు. "ఆ కాలంలో బొత్తాల్లేవు మేడమ్" అని రాజు మొదలు కాపలావాడి దాకా అందరి బొత్తాలూ నా చేత ఊడబీకించారు.

మొదట నాలుగు ముక్కలు గీసి పట్టుకెళ్ళాను. రాజు గోడ క్యాలెండరులోంచి దిగివచ్చినట్టున్నాడు. ఉప్పు వర్తకుడు వారపత్రిక కార్టూనులోంచి పారిపోయి వచ్చాడు. పడవమనిషి 'భోజనానికి ముందు చేతులు కడుక్కోండి' పోస్టరు మనిషి. గూఢచారి సంగతి చెప్పనక్కర్లేదు, కప్ప పక్కన నిలబడే సైన్సు మాస్టారికి తలపాగా చుట్టాను, అంతే. లెక్చరర్ గారు నాలుగింటినీ బల్ల మీద పక్కపక్కన పరిచి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఇవి నలుగురు గీసినట్టున్నాయండీ" అన్నారు. "ఒక్కరే గీశారని తెలియాలి. బొమ్మలన్నిటికీ ఒక పోలిక ఉండాలి."

పోలిక అంటే ఏమిటండీ అని అక్కడే అడిగి ఉంటే గొడవే లేకపోయేది. అడగడానికి నామోషీ. మా ఇళ్ళల్లో పోలిక అంటే ఒకటే అర్థం. బిడ్డ పుట్టగానే అందరూ చుట్టూ చేరి, కళ్ళు మేనత్తవి, చెవులు తాతవి, ఆ అరుపు మాత్రం అచ్చం వాళ్ళ అమ్మది అని పంచిపెట్టేది పోలిక. "ఓస్, పోలికే కదా, అదెంతసేపు" అని ఆయనతో అనేసి బయటపడ్డాను. దారి పొడుగునా ఆలోచించుకున్నాను. పోలిక రావాలంటే అందరి మొహాల్లోనూ ఏదో ఒకటి ఒకేలా ఉండాలి. చూసీచూడగానే తెలిసిపోయేది అయి ఉండాలి. గుమ్మంలో చెప్పులు విడిచి తలెత్తేసరికి వదిన పేపరు చదువుతూ కనిపించింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"వదినా, ఓ గంట కదలకుండా కూర్చోగలరా?"

"ఎక్స్ఛేంజిలో నేను చేసిందేమిటనుకున్నావు" అంది ఆవిడ, పేపరు మడిచి పక్కన పెడుతూ.

అలా మొదలైంది. రోజూ కాఫీలయ్యాక వదిన తల దువ్వుకుని, కళ్ళజోడు తీసి కిటికీ గట్టు మీద పెట్టి, స్టూలు ఎక్కేది. చీపురుకట్ట రాజదండం అయింది. కర్టెన్ కమ్మీ బల్లెం అయింది. నేను నుదుటి దగ్గర మొదలుపెట్టి, పెన్సిలు ఎత్తకుండా కిందికి లాగి, చివర గొడుగు పిడిలా వంచి ఆపేదాన్ని. ఆ ఒక్క గీతతో ముక్కు పూర్తి. ఏం గీతండీ అది. నాకంటూ ఒక గీత దొరికిందని పొంగిపోయి రాజుకి పెట్టాను, రాణికి పెట్టాను, తిరుగుబాటుదారుకీ పెట్టాను. ఊపు ఆగక సేనాపతి గుర్రానికి కూడా పెట్టాను.

కూర్చున్నంతసేపూ వదిన కబుర్లు చెప్పేది. పెదవులు కదిలించకుండా మాట్లాడటం ఆవిడకి బాగా వచ్చు. ట్రంకు కాల్ కలిపి పక్కకి తప్పుకోకుండా విన్న సంగతులు, ఫోనులో దెబ్బలాడుకుని మళ్ళీ ఆవిడనే సాక్ష్యం అడిగిన మొగుడూపెళ్ళాల సంగతులు. నేను ఊఁ కొడుతూ గీసుకుపోయేదాన్ని. సాయంత్రం అన్నాల దగ్గర ఆవిడ తమ్ముడికి ఆ రోజు ఉద్యోగం ఏమిటో చెప్పేది.

"ఒరే, ఇవాళ నేను పన్నులు వసూలు చేశాను."

"ముక్కు పిండి వసూలు చేశావా?" అనేవారు మా ఆయన. "నీకైతే పిండటానికి కావలసినంత ఉందిలే అక్కా."

వదిన గరిటెతో ఆయన చేతి మీద ఒకటి వేసేది. ముగ్గురం నవ్వుకునేవాళ్ళం. నాకైతే ఆవిడ బాగా సంబరంగా ఉన్నట్టే కనిపించింది.

ఇప్పుడా సంబరం మీద నీళ్ళు చల్లమని ఫోను. మర్నాడు లెక్చరర్ గారి దగ్గరికి కోపంగానే వెళ్ళాను. తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఇంకాస్త ఎక్కువ.

"విడివిడిగా చూసినప్పుడు అన్నీ నచ్చాయండీ, అబద్ధం చెప్పను" అన్నారాయన. "ఇప్పటిదాకా మీరిచ్చినవన్నీ జిరాక్సు తీయించి, కట్ట చేసి మా క్లాసు పిల్లల చేత ఆడించాను. వాళ్ళు దీన్ని రాజ్యాల ఆట అనుకోలేదు. అన్నదమ్ముల ఆస్తి తగాదా అనుకున్నారు."

"చరిత్రంతా అదే కదండీ."

"అది నిజమే అనుకోండి" అని నవ్వు ఆపుకున్నారు. "గూఢచారిని చూపిస్తే ఒకమ్మాయి, ఈయన రాజుగారి బాబాయి కదా సార్ అంది. గుర్రాన్ని మేనమామ అన్నారు."

"పోలిక ఉండాలని మీరే అన్నారు."

"నేనన్నది గీతలో పోలిక మేడమ్. మొహాల్లో కాదు. మనుషులు ఎవరికి వారే ఉండాలి. గీసిన చెయ్యి ఒకటే ఉండాలి."

నేను బల్ల మీది నా ముక్కల్ని ఏరి కట్ట కట్టుకున్నాను. ఆయన మంచివాడు కాబట్టి నవ్వలేదు. నవ్వి ఉంటే పోట్లాడి, పని వదిలేసి, హాయిగా ఇంటికి వచ్చేదాన్ని. "ప్రెస్సువాళ్ళు ఎక్కువ రోజులు ఆగరండీ. మీకు కుదరదనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి, ఇంకొకాయన గీస్తానంటున్నారు" అన్నారు. నేను "నేనే గీస్తాను" అన్నాను. ఏ చేత్తో గీస్తానో మాత్రం తెలియదు.

ఇంటికొచ్చి ముందు మా ఆయన్ని పట్టుకున్నాను. "మీ అక్కకి మీరే చెప్పండి."

"పిల్లి మెడలో గంట నన్ను కట్టమంటావా? గీసింది నువ్వు, కోసేదీ నువ్వే."

"మీ అమ్మగారు మొహం మీదే అనేసేవారుగా. మీరు మెల్లగా కూడా చెప్పలేరా?"

"అమ్మ సంగతి వేరు. అమ్మ రోజూ అనేది. అక్కకి అలవాటైపోయింది" అని ఆయన టీవీ పెట్టుకున్నారు.

ఇక చెప్పకుండానే పని కానిచ్చేద్దామనుకున్నాను. వదినతో ఒంట్లో నలతగా ఉందని చెప్పి, సంచీలో కాగితాలు పెట్టుకుని వీధిలో పడ్డాను. బస్ స్టాపులో ముక్కులు చూశాను. బ్యాంకు క్యూలో ముక్కులు చూశాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముక్కుల్ని అంత పరీక్షగా చూస్తే ఊరుకుంటారా, ఒకావిడ "ఏం కావాలమ్మా?" అని గట్టిగానే అడిగింది. తెచ్చిన ముక్కుల్ని గదిలో తలుపేసుకుని మొహాలకి అతికించాను. ముక్కులు మారేసరికి పాత రోగం తిరగబెట్టింది. రాజు మళ్ళీ క్యాలెండరెక్కాడు, వర్తకుడు కార్టూనులో దూరాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పెన్సిలు మార్చాను, కాగితం మార్చాను, బల్ల కిటికీ దగ్గరి నుంచి గోడ దగ్గరికి జరిపాను. కప్ప పొట్ట గీసేవాళ్ళకి రాజ్యాలెందుకే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అలా ఉండగా ఒక ఉదయం ముందు గదిలోకి వచ్చేసరికి వదిన స్టూలు మీద కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. దుప్పటి కప్పుకుంది. మూత ఒళ్ళో ఉంది.

"రోజూ వచ్చి కూర్చుంటున్నాను. నువ్వే రావటం లేదు" అంది. "నీకు ఒంట్లో బాగానే ఉంది. నిన్న రెండోసారి అన్నం పెట్టించుకున్నావు. ఏమైందో చెప్పు."

మెల్లగా చెబుదామని ఎన్ని రోజులుగానో మాటలు కూర్చుకుంటున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. "ముక్కు తీసేయమంటున్నారు వదినా" అనేశాను. ఆ తరవాత ఆగలేదు. "మీ ముక్కుకేం లోపం లేదు, తప్పంతా నాది, నాకు పోలిక అన్న మాటకి అర్థం తెలియలేదు, ఆ పిల్లలకి చరిత్ర రాదు, ఆయనకి బొత్తాలు తప్ప ఇంకేం కనిపించవు, మీరేం మనసులో పెట్టుకోకండి, అసలు ఈ పనే వదిలేస్తాను" అంటూ వాగుతూనే ఉన్నాను.

వదిన ఓపిగ్గా అంతా విన్నది. తరవాత చెయ్యి చాపింది. "ఒక ముక్క ఇటివ్వు."

పాత కట్టలో పైనున్న రాజుని ఇచ్చాను. ఆవిడ ఆ ముక్కని తన చెంప పక్కన పెట్టుకుని, మొహం పక్కకి తిప్పింది.

"చూడు."

"చూస్తున్నాను."

"కాగితం కేసి కాదు. రెండూ చూడు."

చూశాను. కళ్ళజోడు ఆనేచోట రెండు వైపులా చిన్న నొక్కులు. మధ్యలో ఎముక కొంచెం ఎత్తుగా ఉంది. చివర గుండ్రంగా, కాస్త ఎడమకి ఒరిగి ఉంది. అంతే. వీధిలో పోతుంటే ఎవరూ రెండోసారి చూడని మామూలు ముక్కు. గొడుగు పిడి అక్కడెక్కడా లేదు.

"ఇదెవరి ముక్కు?" అంది, రాజుని చూపించి.

నేను రాజుకేసీ ఆవిడకేసీ మార్చి మార్చి చూశాను.

"మా అమ్మ చెప్పిన ముక్కు" అంది వదిన. "నువ్వు ఈ ఇంటికి రాకముందే విన్నావు. విన్నదే గీశావు."

"మొదటి రోజే అనచ్చు కదా వదినా."

"అందామనే అనుకున్నాను." మూత అంచు వేలితో రాసింది. "నువ్వు రోజూ వచ్చి, ఎదురుగా కూర్చుని, నా మొహం చూస్తున్నావు. తలుపు కొట్టినా లేవటం లేదు. నన్నెవరు చూశారే అలా? తప్పు గీశావని చెబితే మానేస్తావేమోనని ఊరుకున్నాను."

నా బతుకులో అంత సిగ్గుపడిన రోజు లేదు. నేను చూస్తున్నానని ఆవిడ అనుకున్న ఆ గంటలన్నీ నేను నా గీతనే చూసుకుని మురిశాను. ఆవిడ మొహం కేసి తలెత్తినా నాకు కనిపించింది మా అత్తగారి మాటే. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, చీర చెంగుతో ముక్కు చీదుకుంటూ, చూడముచ్చటగా ఏమీ కాదు.

"చాల్లే. పెన్సిలు చెక్కు" అంది వదిన. "ఈసారి ముక్కు ఆఖర్న గీయి."

ఆ రోజు ఆ ఒక్క మొహమే గీశాను. దుప్పటి తీసేయమన్నాను. డాలు వంటింట్లో పెట్టేయమన్నాను. ఒక చిన్న గీత గీయడం, తలెత్తి చూడటం, మళ్ళీ ఇంకో చిన్న గీత. ఇదివరకటి ఊపు లేదు. గీత తడబడింది, ఆగింది, దారి కనుక్కుని మళ్ళీ నడిచింది. అలాంటి గీత నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు కాబట్టి, ఎవరి చెయ్యి తగిలించుకోవాలో తెలియక నా చేత్తోనే గీయాల్సి వచ్చింది.

మిగతా రాజ్యాన్ని వదినే పిలిపించింది. ఎక్స్ఛేంజిలో తనతో పనిచేసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. సేనాపతిగా వచ్చినావిడ ఒకప్పుడు రాంగ్ నంబర్లని తిట్టడంలో పేరుమోసిన మనిషట. రాజుకి ఆవిడ భర్తనే కూర్చోబెట్టాను, పాపం ఆయన అరగంటకోసారి ఇంకెంతసేపని అడుగుతూనే ఉన్నాడు. ఒక్కొక్కరినీ చూసి చూసి గీశాను. ఎవరి ముక్కు వారికే వచ్చింది. గుర్రానికి కూడా దాని ముక్కు దానికి ఇచ్చేశాను.

లెక్చరర్ గారు వాటిని బల్ల నిండా పరిచారు. వంగి ఒక్కొక్క ముక్కలోనూ బొత్తాల కోసం వెతికారు, దొరకలేదు. లేచి నిలబడి దూరం నుంచి చూశారు. "ఇవన్నీ ఒక్కరే గీశారు" అన్నారు. ఏదో ఒక వెటకారం తయారుగా పెట్టుకునే వెళ్ళాను. దాని అవసరం రాలేదు. కళ్ళల్లో నలక పడిందని చెప్పి త్వరగా వచ్చేశాను.

అచ్చయిన మొదటి పెట్టె ఇంటికి వచ్చిన సాయంత్రం మా ఆయనే దాన్ని విప్పారు. పెట్టె మీద నా పేరు చూసి, బయటికి చదివి, "అక్షరాలు ఇంకాస్త పెద్దవి వేయాల్సింది" అన్నారు. నాకు ఒళ్ళంతా సంతోషంగా ఉంది. తరవాత ఆయన ముక్కలు ఒక్కొక్కటే తిరగేయడం మొదలుపెట్టారు.

"అక్క ఏదీ?"

"ఉంది చూడండి."

మొదటి నుంచి మళ్ళీ చూశారు. ఆయన చూస్తున్నది ముక్కు కోసమని నాకు తెలుస్తూనే ఉంది. రాణి దగ్గర కాసేపు ఆగారు, సేనాపతి దగ్గర ఆగారు. పడవమనిషి రెండుసార్లు ఆయన చేతుల్లోంచి వెళ్ళిపోయింది. తెడ్డు పట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ, కాస్త ఎడమకి ఒరిగిన ముక్కుతో, అచ్చం ఆయన పక్కన కూర్చున్న మనిషే.

"లేదే" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "అన్నాళ్ళు కూర్చోబెట్టుకుని, తీరా అక్కనే తీసేశావా?"

నేను నోరు తెరిచేలోపు వదిన నాకేసి చూసి వద్దన్నట్టు తల ఊపింది. మా ఆయన మీద నాకు కోపం రాలేదు. ఎలా వస్తుంది, మొన్నమొన్నటి దాకా నా చూపూ అంతే.

"పోనీలేరా" అంది వదిన. "ముక్కలు ఇలా తే."

ఆయన చేతిలోంచి తీసుకుని, కలిపి, ముగ్గురికీ పంచింది. మా ఆయన ముక్కలు సర్దుకుని, మొదటి చుట్టులోనే పనికిరాదని ఒకటి కింద పారేశారు. అది పడవమనిషి. వదిన దాన్ని తీసి తన ముక్కల్లో పెట్టుకుంది.